కంటి మూలన ఒక వేలు



పోయిన భాగంలో కంటి వెలుగు గురించి రాస్తూ, అద్దాలతో తీరే కష్టానికి మన దగ్గర పథకం ఉంది, కత్తి పెట్టాల్సిన కష్టానికి లేదు అని ఒక మాట అన్నాను. అది చదివి పాలమూరులో ఎంబీబీఎస్ చదువుతున్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, శుక్లాల ఆపరేషన్లు ఫ్రీగనే చేస్తున్నరు గదా, మరి నువ్వు చెప్పే కత్తి ఏది?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. ఫోన్లో పది నిమిషాలు చెప్పినా నాకు తృప్తి కాలేదు. అందుకే ఈ భాగం మొత్తం దానికే.

నేను చెప్పేది కంటి మూలన, ముక్కు పక్కన లేచే చీముగడ్డ గురించి. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఏ మాదిగవాడకు పోయినా, ఏ మాలవాడకు పోయినా నలభై దాటిన ఆడవాళ్లలో ఒకరిద్దరు కొంగుతో ఒక కన్ను ఒత్తుకుంటూ కనిపిస్తారు. "ఏం పెద్దమ్మా, ఏడుస్తున్నవా?" అంటే "ఏడుసుడెక్కడిది బిడ్డా, ఈ కన్ను గిట్లనే గారుతది" అంటారు. ఆ మాటతో విషయం అయిపోతుంది. కన్ను కారడం జబ్బని వాళ్లూ అనుకోరు, మనమూ అనుకోం.

కన్నీరు తయారయ్యే గ్రంథి కనుబొమ్మ కింద, బయటి మూల వైపు ఉంటుంది. అక్కడ ఊరిన నీళ్లు కన్నుగుడ్డును తడిపి, ముక్కు వైపు మూలకు వస్తాయి. అక్కడ పై రెప్పకొకటి, కింది రెప్పకొకటి సూదిమొనంత బెజ్జాలుంటాయి. వాటిలోంచి ఒక చిన్న సంచిలోకి, ఆ సంచిలోంచి గొట్టం గుండా ముక్కులోకి దిగుతాయి. ఏడ్చినప్పుడు ముక్కు కూడా కారేది అందుకే. చాలామంది ఈ మొత్తాన్నీ కలిపి కన్నీటి గ్రంథి అనేస్తారు. అసలు గ్రంథికి చీము పట్టడం అరుదు. పడితే పైరెప్ప బయటి వైపు వాస్తుంది, మామూలుగా మందులతో తగ్గుతుంది, చీము గూడు కడితేనే కోస్తారు. మన వాడల్లో కనిపించేది ఎక్కువగా రెండోది, సంచికి పట్టే చీము. కింది గొట్టం పూడుకుపోతే నీళ్లు సంచిలోనే నిలుస్తాయి. నీళ్లు నిలిస్తే ఏమవుతుందో ఊరి మురికికాలువ చివర ఇళ్లు కట్టుకున్న మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

మొదట్లో ఉత్తగా కారుతుంది. తర్వాత పుసి కడుతుంది. ఏళ్ల తరబడి అలాగే నడుస్తుంది. ఒక రోజు ఉన్నట్టుండి మూల ఎర్రబడి, రెండు రోజుల్లో నిమ్మకాయంత వాస్తుంది. జ్వరం, సగం తలంతా పోటు, రెప్ప తెరవరాదు. అప్పుడు చేయాల్సింది పెద్ద విద్యేమీ కాదు. మందు మొదలుపెట్టి, గడ్డ పండిన చోట చర్మం మీద చిన్న కోత పెట్టి, చీము బయటికి తీసి, లోపల గాజుగుడ్డ వత్తి పెట్టి, కొన్నాళ్లు రోజూ కట్టు మార్చాలి. కోయకపోతే అదే పగులుతుంది. పగిలిన చోట కొందరికి చెంప మీద కన్నం మిగిలి, కన్నీళ్లు అందులోంచి కారుతూ ఉంటాయి. చీము కంటిగుంటలోకి, అక్కడి నుంచి మెదడు వైపు పోతే ప్రాణానికే ముప్పు.

కోత పెడితే నొప్పి పోతుంది గానీ జబ్బు పోదు. గొట్టం పూడుకునే ఉంది కదా. వాపు తగ్గిన కొన్ని వారాలకు అసలు ఆపరేషన్ చేయాలి. సంచికీ ముక్కుకూ మధ్య ఉన్న పల్చటి ఎముకకు చిన్న కిటికీ పెట్టి కన్నీటికి కొత్త దారి వేస్తారు. దీన్ని డీసీఆర్ అంటారు. 1904లో ఇటలీకి చెందిన టోటి అనే డాక్టరు మొదట వివరించాడు. అంటే ఈ విద్యకు నూట ఇరవై ఏళ్లు నిండాయి. మత్తు సూది చాలు, గంట పని, పదిమందిలో తొమ్మిది మందికి పైగా బాగవుతారు.

ఇందులో మన కూలి జనానికి ఇంకో ముప్పుంది. సంచిలో చీమున్న కంటికి పొలంలో చిన్న దెబ్బ తగిలితే ఆ కన్ను పోవచ్చు. వరి కోతల్లో కంకి గీరుకుంటుంది, కళ్లంలో పొట్టు పడుతుంది, పత్తి చేలో ఎండుపుల్ల గుచ్చుకుంటుంది. మామూలు కన్నయితే రెండు రోజులు ఎర్రబడి తగ్గుతుంది. పక్కనే చీము సంచి ఉంటే నల్లగుడ్డు మీది గీతలోకి క్రిములు దిగి పుండవుతుంది, గుడ్డు లోపల చీము నిలుస్తుంది. మిగిలేది తెల్లపువ్వు. ఊళ్లో "పువ్వేసింది" అంటారు చూడండి, అలాంటి పువ్వుల్లో కొన్ని ఈ సంచిలో మొలకెత్తినవే. దీని మీద ఆకు పసరు పిండేవాళ్లు, చనుబాలు పోసేవాళ్లు, నలుసు తీస్తామని నాలుక పెట్టేవాళ్లు. వాళ్లను తిట్టడం నాకు ఇష్టం లేదు. డాక్టర్ లేని చోట మనుషులు చేతికందింది చేస్తారు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వస్తాను.

కంటి వెలుగు మొదటి విడత 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైంది, రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో. మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్ష చేశారు. చిన్న పని కాదది. ఊరూరా కుర్చీలు వేసి, మిషన్ పెట్టి, ఆశా వర్కర్లు ముసలోళ్లను చేయి పట్టుకుని తీసుకొచ్చి చూపించారు. మా ఊళ్లో కూడా అద్దాలు పెట్టుకుని మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరుకున్న అవ్వలను నేను చూశాను. దాన్ని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నేను ఒప్పుకోను. కానీ ఆ మిషన్ కనిపెట్టేది చూపు నంబరు. సంచిలో చీముందో లేదో ఆ మిషన్‌కు తెలియదు. దానికి తేలికైన పరీక్ష ఒకటుంది. కంటి మూలన, ముక్కు ఎముకను ఆనించి వేలితో నొక్కాలి. చీముంటే బెజ్జంలోంచి పైకి తన్నుకొస్తుంది. అయిదు సెకన్లు. పైసా ఖర్చు లేదు, కరెంటు అక్కర్లేదు.

కావాల్సిందల్లా ఒక మనిషి ఇంకో మనిషి మొహాన్ని ముట్టుకోవడం.

ఈ వాక్యం కోసమే నేను ఇంత దూరం రాసుకొచ్చాను. వేలితో ముట్టుకుంటే దొరికే జబ్బు ఇది. ముట్టుకోకుండా ఉండటం ఎలాగో నేర్పడానికి వేల ఏళ్లు ఖర్చు పెట్టిన సమాజం మనది. ఈ రెండూ కలిసిన చోట మా ఆడవాళ్ల కళ్లు కారుతూ ఉంటాయి.

మా పెద్దమ్మ సంగతి చెప్తాను. దేవరకొండ వైపు పల్లె. పత్తి ఏరుడు, కలుపు తీసుడు, నాట్లు, ఇవే ఆమె బతుకు. కుడి కన్ను నాలుగేళ్లు కారింది. మండలంలో పెట్టిన ఒక క్యాంపులో శుక్లం ముదిరిందని రాసి, బస్సెక్కించి పట్నంలోని ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆపరేషన్‌కు ముందు రోజు కంటి మూలలో సన్నటి సూదితో నీళ్లు కొట్టి చూస్తే నీళ్లతో పాటు చీము వెనక్కి వచ్చింది. పేరు కొట్టేశారు. అక్కడి వరకు వాళ్లు చేసింది సరైనదే. చీము సంచి పక్కన పెట్టుకుని శుక్లం కోస్తే కంటి లోపలికి చీము పట్టి కన్నే పోతుంది. నా కోపం ఆ తర్వాత జరిగిన దాని మీద. "సంచి బాగు చేయించుకుని రాపో" అన్నారు. ఎక్కడ, ఎవరు, ఎప్పుడు చేస్తారో చెప్పలేదు. చేతికి కాగితం ఇవ్వలేదు. శుక్లం ఆపరేషన్ల లెక్కలో ఆమె లేదు. సంచి ఆపరేషన్ల లెక్క ఆ క్యాంపుకు అసలే లేదు. ఆమె అడిగిందల్లా ఒకటే: "నన్నెందుకు వాపస్ పంపిన్రు? నేనేం పాపం జేసిన?"

తర్వాత ఊరి ఆర్‌ఎంపీ సూదులు. రెండేసి రోజులు తగ్గడం, మళ్లీ లేవడం. ఒక వానాకాలం రాత్రి గడ్డ లేచింది. పొద్దున్నే బండి మీద కూర్చోబెట్టుకుని టౌన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు టేబుల్ అవతలి నుంచే టార్చి వేసి చూశాడు. ఊరి పేరు అడిగాడు, ఇల్లు ఊళ్లో ఏ వైపు అని అడిగాడు. ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. నాతో అన్నాడు: "వీళ్లకు శుభ్రత నేర్పండి. రోజూ సబ్బుతో మొహం కడుక్కొమ్మని చెప్పండి." మందులు రాశాడు. వేలు పెట్టలేదు. ఆయన కులం చూసే ముట్టుకోలేదని నేను కోర్టులో రుజువు చేయలేను. బయట అరవై మంది ఉన్నారు, తీరిక లేక కావచ్చు. కానీ మాకంటే ముందు లోపలికి పోయిన పటేలు గారి రెప్పను రెండు వేళ్లతో విప్పి చూడటం తలుపు సందులోంచి నేను చూశాను.

ఆ సాయంత్రం ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ కోత పెట్టింది. "అమ్మా, కొంచెం నొస్తది, నా చేయి పట్టుకో" అని నర్సమ్మ అంది. చెంచాడు చీము వచ్చింది. పెద్దమ్మ వారం రోజుల తర్వాత ఆ రాత్రి పడుకుంది. ప్రభుత్వ ఆసుపత్రులను తిట్టడమే యాక్టివిజం అనుకునే మిత్రులు ఈ పేరా ఇంకోసారి చదవండి.

శుభ్రత అనే మాట దగ్గర ఆగుదాం. అది ఆ ఒక్క డాక్టరు మాట కాదు. మన మెడికల్ విద్యార్థులు చదివే కంటి పాఠాల్లో ఈ జబ్బుకు కారణాల జాబితా ఉంటుంది: ఆడవాళ్లు, నలభై పైబడిన వయసు, తక్కువ ఆదాయ వర్గం, వ్యక్తిగత శుభ్రత లేకపోవడం. పరీక్షలో రాస్తే మార్కులొస్తాయి. తమ్ముడూ, నువ్వూ రాసే ఉంటావు. ఆడవాళ్లలో ఆ ఎముక గొట్టం సన్నగా ఉంటుంది, అందుకే త్వరగా పూడుతుంది, అది నిజం. పూడిన గొట్టం సబ్బుతో తెరుచుకోదు, ఇదీ అంతే నిజం. రోజుకు పదిసార్లు మొహం కడిగినా లోపల అడ్డం అలాగే ఉంటుంది. మరి శుభ్రత ఆ జాబితాలో ఏం చేస్తోంది? పేదరికాన్ని మనిషి అలవాటుగా మార్చి చూపిస్తోంది. పొద్దున ఏడింటికి చేలోకి దిగి చీకటి పడ్డాక ఇంటికొచ్చే మనిషి, మందు కొట్టిన చేలో పత్తి ఏరిన చేతులతోనే కన్ను తుడుచుకుంటుంది. అక్కడ కడుక్కోవడానికి నీళ్ల బిందె పెట్టాల్సింది ఆసామి. పాఠంలో ఆసామి లేడు.

నీళ్ల సంగతి మనకు కొత్తగా చెప్పాలా? ఊరి బావి తాకనివ్వనిది వాళ్లు, మురికోళ్లని పేరు పెట్టిందీ వాళ్లే. 1927లో బాబాసాహెబ్ మహాడ్ చెరువుకు నడిచింది ఈ రెండు అబద్ధాలనూ ఒకేసారి పగలగొట్టడానికే. ఇక నల్లగొండ నీళ్లంటారా, ఆ నీళ్లు తాగి ఎముకలు వంకర పోయిన మర్రిగూడ, మునుగోడు మనుషుల గురించి వేరే భాగమే రాయాలి.

డాక్టర్లు ముట్టుకోకపోవడం గురించి బాబాసాహెబ్ స్వయంగా నమోదు చేసిన ఒక ఘటన ఉంది. వెయిటింగ్ ఫర్ ఎ వీసాలో చదవొచ్చు. 1929లో కాఠియావాడ్‌కు చెందిన ఒక దళిత టీచరు రాసిన ఉత్తరం అది, గాంధీ పత్రిక యంగ్ ఇండియాలో అచ్చయింది. బిడ్డను కన్న రెండు రోజులకు ఆయన భార్యకు జబ్బు చేసింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. బాలింతను వాడ బయటికి మోసుకొస్తే చూస్తానన్నాడు. ఊరి పెద్దలు బతిమాలి, ఫీజుకు పూచీ ఉంటే అప్పుడొచ్చాడు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు, మళ్లీ అదే వరసలో వెనక్కి. దీపం వెలుగులో ఆ గాజుగొట్టాన్ని చూసి నిమోనియా అన్నాడు. ఛాతీ మీద చేయి పెట్టలేదు. ఆ తల్లి చచ్చిపోయింది.

నేను ఆ ఘటన చదివిన ప్రతిసారీ ఆ డాక్టరు క్రూరత్వం కంటే ఆయన వైద్యం నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ముట్టుకోకుండా వైద్యం చేయడానికి ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు. ఇవాళ ఎవరూ థర్మామీటరును మూడు చేతులు మార్చరు, చట్టముంది, భయముంది. కానీ టేబుల్ అవతలి టార్చి ఉంది. "రిపోర్టులు తీసుకురండి" ఉంది. మిషన్ మీద గడ్డం పెట్టించి, నంబరు రాసి, తర్వాతి వాళ్లను పిలవడం ఉంది. ఇదంతా కులమే అని నేను అనను. కులానికి ఇది చాలా సౌకర్యంగా ఉందని మాత్రం అంటాను. డాక్టరు ముట్టుకోలేదని పటేలమ్మకు అనిపిస్తే ఆమె అడుగుతుంది. మా పెద్దమ్మ అడగదు. ముట్టుకోకపోవడం ఆమెకు అలవాటైన విషయం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది విద్యార్థులు జాగ్రత్తగా వినండి. సంచి జబ్బుకు డీసీఆర్ కాకుండా ఇంకో ఆపరేషన్ ఉంది, డీసీటీ. దారి వేయరు, సంచినే తీసేస్తారు. త్వరగా అయిపోతుంది. చీము బాధ పోతుంది, శుక్లం ఆపరేషన్‌కు అడ్డు తొలగుతుంది. కానీ కన్నీటికి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది, కన్ను బతికినన్నాళ్లూ కారుతుంది. బాగా ముసలివాళ్లకు, పెద్ద ఆపరేషన్ తట్టుకోలేని వాళ్లకు ఇది సరైనదే, నేను కాదనను. కానీ ఎవరికి ఏది చేయాలో తేల్చేటప్పుడు వయసూ ఆరోగ్యమే చూస్తున్నారా, చీర కూడా చూస్తున్నారా? మా పెద్దమ్మకు మూడోసారి హైదరాబాద్ పోయినప్పుడు డీసీటీ చేశారు. రెండు రకాలున్నాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సంతకం కాదు, వేలిముద్ర వేయించుకున్నారు. నాలుగు నెలలకు శుక్లం కూడా తీశారు. ఇప్పుడు ఆమెకు చూపు బాగుంది. ఆ కన్ను కారుతూనే ఉంది. "పనికి అడ్డం రాకుంటే సాలు గదా బిడ్డా" అంటుంది. ఎందుకు చాలు? యాభై రెండేళ్ల మనిషి ఆమె.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆ పథకం ప్రయోగంగా మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి, మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. గుండెకు, కిడ్నీకి, క్యాన్సర్‌కు అది ఎంతోమంది ప్రాణాలు నిలిపింది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పరిమితి పది లక్షలు. కానీ పది లక్షల కార్డు జేబులో పెట్టుకున్న మనిషి కంటి మూల గడ్డకు మండలంలో కోత పెట్టేవాళ్లు లేక ఆర్‌ఎంపీ దగ్గర కూర్చుంటోంది. పెద్ద జబ్బుకు పెద్ద ఆసుపత్రి డబ్బు పొందుతుంది. చిన్న జబ్బు పెద్దదయ్యే దాకా దానికి ఎవరూ హక్కుదారు కారు. నల్లగొండ అయినా, పాలమూరు అయినా సరోజినీ దేవి కంటి ఆసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది, మంచిదే. ఆ రోజు కూలి ఫ్రీగా రాదు. తోడు వచ్చే కొడుకు టికెట్టూ ఫ్రీ కాదు. మొదటిసారి చూపించుకోవడం, కోత, కట్లు, మళ్లీ ఆపరేషన్, మళ్లీ కుట్లు. అయిదారు ప్రయాణాలు. పత్తి ఏరే కాలంలో అయిదారు రోజులు వదులుకోవడం ఎంతో లెక్కగట్టి చూడండి.

అయితే హైదరాబాదే ఎందుకు పోవాలి? 2016లో మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. 2019లో నల్లగొండలో, సూర్యాపేటలో వచ్చాయి. 2022లో నాగర్‌కర్నూల్‌లో, వనపర్తిలో వచ్చాయి. పాత రెండు జిల్లాల్లో ఇన్ని కాలేజీలున్నాయి. వీటిలో కంటి విభాగాలున్నాయి. మన పిల్లలు కూడా ఆ బెంచీల మీద ఉన్నారు. రిజర్వేషన్ సీటు అని ఎగతాళి చేసేవాళ్ల మధ్య కూర్చుని చదువుతున్నారు. ఆ సీటు మా పెద్దమ్మ లాంటి వాళ్ల కోసం తెచ్చుకున్నదని నేను ఉపన్యాసం ఇవ్వను, ఆ పిల్లల మీద ఇప్పటికే చాలా బరువుంది. అడిగేది ఒకటే. ఓపీలో కూర్చున్నప్పుడు కారే కన్ను కనిపిస్తే మూలన వేలు పెట్టి నొక్కండి. ముందూ వెనకా చేతులు కడుక్కోండి, గడ్డ ఎర్రగా వాచి ఉంటే నొక్కొద్దు, నేరుగా సీనియర్‌కు చూపించండి. చీమొస్తే పుస్తకంలో రాయండి. రాసిన పేర్లు నెల తిరిగేసరికి ఎన్నయ్యాయో మాకు చెప్పండి, మనుషుల పేర్లు వద్దు, లెక్క చాలు.

ఆ లెక్క లేకుండా కలెక్టర్ దగ్గరికి పోతే "ఇది పెద్ద సమస్య కాదండీ" అంటారు. లెక్క ఉంటే మాట వేరు. వచ్చే నెల మొదటి సోమవారం నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండు చోట్లా ప్రజావాణిలో అర్జీ పెడుతున్నాం. వారానికి ఒక రోజు జిల్లా ఆసుపత్రిలో కన్నీటి సంచి ఆపరేషన్లకు కేటాయించాలి. క్యాంపు నుంచి వెనక్కి పంపే ప్రతి మనిషి చేతికీ ఎక్కడికి, ఏ తేదీన పోవాలో రాసిన కాగితం ఇవ్వాలి. కోత పెట్టిన తర్వాత కట్లు ఊరి దగ్గరి పీహెచ్‌సీలోనే మార్చాలి. దారి వేసే ఆపరేషన్, సంచి తీసే ఆపరేషన్, రెండింటికీ తేడా వేలిముద్ర వేయించుకునే ముందు తెలుగులో చెప్పాలి. ఏఎన్‌ఎంలకు ఆ వేలి పరీక్ష నేర్పాలి.

మీ వాడలో ఇలా కన్ను కారేవాళ్లుంటే పేరు, వయసు, ఎన్నేళ్లుగా కారుతోందో, ఎప్పుడైనా క్యాంపు నుంచి వెనక్కి పంపారా లేదా రాసుకుని ఆ సోమవారం పొద్దున పదింటికి కలెక్టరేట్ గేటు దగ్గరికి రండి. రాగలిగితే వాళ్లను కూడా తీసుకురండి, నీడలో కూర్చోవడానికి ఏర్పాటు చేస్తాం. జ్వరంతో పాటు కంటి మూల వాచి రెప్ప తెరవలేని వాళ్లెవరైనా ఉంటే మాత్రం సోమవారం దాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి ఇవాళే ఆసుపత్రికి తీసుకుపోండి, గడ్డను ఇంట్లో పిండొద్దు, పసరు పెట్టొద్దు.